పాత ట్యూబ్ ప్రీఆంప్ కొనేముందు దాని వీపు చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సెకండ్ హ్యాండ్ ట్యూబ్ ప్రీఆంప్ గురించే. ప్రీఆంప్ అంటే పవర్ ఆంప్‌కి ముందు ఉండి సిగ్నల్ పెంచే, వాల్యూం సరిచేసే పెట్టె; అందులో ట్రాన్సిస్టర్లకి బదులు గాజు ట్యూబులు, అంటే వాల్వులు, ఉంటే అది ట్యూబ్ ప్రీఆంప్. అనంతపురం నుంచి వచ్చిన పెద్ద ఉత్తరాన్ని ముందు పెడుతున్నాను. దానికి జవాబు చెబితే మిగతావాళ్ల సందేహాల్లో కొన్ని వాటంతటవే తీరిపోతాయి.

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని. నా దగ్గర ఒక ట్రాన్సిస్టర్ పవర్ ఆంప్, సీడీ ప్లేయర్, ఫోన్‌లోని డిజిటల్ పాటని మామూలు ఆడియో సిగ్నల్‌గా మార్చే ఒక చిన్న డ్యాక్ ఉన్నాయి. మా మామ ఇచ్చిన టర్న్‌టేబుల్, దాంతోపాటు కొన్ని ఎల్పీలు కూడా ఉన్నాయి. ట్యూబ్ ప్రీఆంప్ పెడితే పాట తియ్యగా వస్తుందని బెంగళూరులో ఉన్న ఫ్రెండ్స్ ఒకటే పోరు. నా బడ్జెట్ 25,000 రూపాయలు, ఆ పైన వెయ్యి కూడా పెట్టలేను. ఆన్‌లైన్‌లో చూస్తే ఆరు వేల నుంచి అరవై వేల దాకా కనిపిస్తున్నాయి. ఏం చూసి కొనాలి? మోసపోతానేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఒకటి అడుగుతాను, చిరాకు పడకండి. అసలు మీకు ప్రీఆంప్ ఎందుకు? సీడీ ప్లేయర్ గట్టిగా పలికినప్పుడు 2 వోల్టుల దాకా ఇస్తుంది, చాలా డ్యాక్‌లూ అంతే. మీ పవర్ ఆంప్‌తో వచ్చిన పుస్తకంలో సెన్సిటివిటీ అని రాసి ఉంటుంది చూడండి, మామూలుగా 1 వోల్టుకి అటూ ఇటూ ఉంటుంది, అంటే ఆ మాత్రం సిగ్నల్ అందితే చాలు అది తన బలమంతా చూపించేస్తుంది. 2 వోల్టులు చేతిలో ఉండగా దాన్ని మళ్లీ పది రెట్లు పెంచే పెట్టె తెచ్చి మధ్యలో పెడితే, వాల్యూం నాబ్ కాస్త కదిలించగానే పక్కింటివాళ్లు తలుపు కొడతారు. పైగా నాబ్ అంత కింద ఉన్నప్పుడు మామూలు వాల్యూం కంట్రోళ్లలో ఎడమ, కుడి చానెళ్లు సమానంగా ఉండవు. పాడేవాడు నట్టనడుమ నిలబడకుండా ఒక పక్కకి జరిగిపోతాడు. సీడీ, ఫోన్ వరకే అయితే, 10 కిలోఓమ్‌ల మంచి వాల్యూం కంట్రోల్ ఒకటి చిన్న డబ్బాలో బిగించుకుని వైర్లు పొట్టిగా ఉంచుకోండి, డబ్బులు మిగుల్చుకోండి అని చెప్పి ఇక్కడే ఆపేసేవాణ్ని.

కానీ మీ దగ్గర ఎల్పీలున్నాయి, అక్కడ లెక్క వేరు. టర్న్‌టేబుల్ సూది ఉండే మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేది 5 మిల్లీవోల్టులకి అటూ ఇటూ. దాన్ని వంద రెట్లు, అంటే 40 డెసిబెల్స్ పెంచితే గానీ అర వోల్టు కాదు. అది చాలదన్నట్టు రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచి కోస్తారు. 1954లో స్థిరపడిన ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) లెక్క ప్రకారం దాన్ని మళ్లీ తిరగేసి సరిచేయాల్సింది ఫోనో స్టేజి. కాబట్టి మీరు వెతకాల్సింది మంచి ఫోనో స్టేజి ఉన్న ప్రీఆంప్‌ని. ప్రకటనలో ‘లైన్ ప్రీఆంప్’ అని ఉంటే, అంటే ఫోనో లేనిదైతే, అక్కడే దాటేయండి. ఫోనో అని ఉన్నా, ఆ ఫోనో భాగం నిజంగా ట్యూబులతో నడుస్తోందా, లేక లోపల ఒక ఐసీ (చిప్పు) పని చేస్తుంటే పైన రెండు ట్యూబుల్ని షోకి నిలబెట్టారా అని అడగండి. ఐసీతో చేసిన ఫోనో చెడ్డదేమీ కాదు, శుభ్రంగా వినిపిస్తుంది. ట్యూబు రేటు మాత్రం దానికి ఇవ్వకండి.

డబ్బు సంగతి. 25,000లో పెట్టెకి 16,000, మహా అయితే 17,000 దాటొద్దు. పాత ట్యూబ్ సెట్టు ఏదైనా ఇంటికి వచ్చాక కొంత మింగుతుంది. కెపాసిటర్లు మార్చాలి, ఒకటో రెండో ట్యూబులు కొనాలి, మెకానిక్‌కి కూలి ఇవ్వాలి, తక్కువ వోల్టుల విదేశీ సెట్టయితే మన కరెంటుని దానికి తగ్గించి ఇచ్చే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఉన్నదంతా పెట్టెకే ఊడ్చిపెట్టినవాళ్లు ఆర్నెల్లలో దాన్ని అటక మీదకి ఎక్కిస్తారు.

ఇక అసలు సంగతి. అమ్మేవాడు మీకు ట్యూబులు చూపిస్తాడు. ముల్లార్డ్ అంటాడు, టెలిఫంకెన్ అంటాడు, బెంగళూరు బీఈఎల్ అంటాడు, అన్నీ పేరున్న పాత ట్యూబు కంపెనీలే. బీఈఎల్ ఒకప్పుడు వాల్వులు చేసిన మాట నిజమే, వాళ్ల ఈసీసీ83 రకం ట్యూబు మంచిదే కూడా. అయినా ఆ మాటలు విని తల ఊపండి, ధర పెంచకండి. ట్యూబు మీద అచ్చేసిన పేరు బొటనవేలితో రుద్దితే పోయేంత పల్చనిది, ఆ పేరుని ఎవరైనా మళ్లీ అచ్చేయగలరు. ట్యూబులు ఎలాగూ అరిగిపోయే సరుకు, వేల గంటలు పనిచేస్తాయి, తర్వాత మారుస్తాం. 12ఏఎక్స్7, 12ఏయూ7, 12ఏటీ7, 6డీజే8, 6ఎస్ఎన్7, ఈ ఐదింటిలో ఏవి వాడినా పర్లేదు, వీటికి సరిపోయేవి ఇవాళ్టికీ రష్యాలో, స్లొవేకియాలో, చైనాలో కొత్తగా తయారవుతున్నాయి. యూరప్ వాళ్లు 12ఏఎక్స్7నే ఈసీసీ83 అంటారు, 12ఏయూ7ని ఈసీసీ82 అంటారు, అందువల్ల పేరు వేరుగా ఉందని కంగారుపడకండి. ఈ ఐదింటిలో లేని వింత నంబరు కనబడితే మాత్రం ఆలోచించండి.

మార్చలేనిది ట్రాన్స్‌ఫార్మర్. అందుకే ముందు పెట్టెని తిప్పి వీపు చూడమంటాను. అక్కడ ఎన్ని వోల్టులని రాసి ఉంది? జపాన్ సెట్టు 100, అమెరికా సెట్టు 117 లేదా 120, ఇంగ్లండ్ సెట్టు 240 అడుగుతాయి. 117 వోల్టుల సెట్టుని మన 230కి గుచ్చితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది, దాంతోపాటు ఇంకేం పోతాయో చెప్పలేం. స్టెప్‌డౌన్‌తో నడుపుకోవచ్చు, ప్రీఆంప్ పెద్దగా కరెంటు తినదు కాబట్టి 100 వీఏది చాలు. ప్రయాణాల్లో హెయిర్ డ్రయ్యర్లకి వాడే చిన్న ఎలక్ట్రానిక్ కన్వర్టర్లు అమ్ముతారే, వాటి జోలికి వెళ్లొద్దు. రాగి తీగ చుట్టిన నిజమైన ట్రాన్స్‌ఫార్మరే కావాలి. మనవాళ్లు మరిచిపోయేది ఇంకొకటుంది. 220 వోల్టులకి చుట్టిన సెట్టుని, రాత్రిపూట 250 దాకా ఎగబాకే మన లైన్ మీద పెడితే, ట్యూబు హీటర్‌కి 6.3 వోల్టులు అందాల్సిన చోట 7కి పైగా వెళ్తుంది. హీటర్లు ఓ పది శాతం తేడా ఓర్చుకుంటాయి, ఇది ఆ గీత దాటినట్టే. సెట్టు ట్రాన్స్‌ఫార్మర్‌లో 240 ట్యాప్, అంటే 240 వోల్టులకి తగిలించుకునే కొస, ఉంటే మనకి అదే మేలు.

ఇప్పుడు అమ్మేవాళ్ల ఇంటికి వెళ్లారనుకుందాం. మీకు బెంగళూరు దగ్గరే కాబట్టి అక్కడివే చూడండి. ఫోటో చూసి, డబ్బు పంపి, పార్శిల్ కోసం ఎదురుచూసే బేరాలు పెట్టుకోవద్దు. మీరు వెళ్లేసరికి సెట్టు ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయించి, టీ తాగి, చల్లారాక మళ్లీ ఆన్ చేయించండి. కొన్ని జబ్బులు చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి, కొన్ని అరగంట వేడెక్కాకే. అందుకే గంట సమయం పెట్టుకోండి, తొందరపెడితే లేచి వచ్చేయండి. వాళ్లు ఒప్పుకుంటే, ప్లగ్ తీయించి కింది మూత విప్పించండి. కెపాసిటర్ల తలలు ఉబ్బాయా, కింద జిగురులాంటిది కారిందా, రెసిస్టర్ల కింద బోర్డు కాలి గోధుమరంగులోకి తిరిగిందా చూడండి. ట్యూబు సాకెట్ నేరుగా బోర్డు మీదే ఉంటే దాని పిన్నుల దగ్గర టంకం చుట్టూ సన్నని ఉంగరంలా పగులు కనిపిస్తుంది. వేడికీ చల్లదనానికీ, ట్యూబుల్ని పీకడానికీ గుచ్చడానికీ అలా వస్తుంది. అది పెద్ద జబ్బు కాదు, మళ్లీ టంకం పెడితే పోతుంది. బేరానికి మాత్రం పనికొస్తుంది. కళ్లతోనే చూడండి, వేలు పెట్టొద్దు. లోపల 250, 300 వోల్టుల డీసీ ఉంటుంది, స్విచ్ ఆపి ప్లగ్ పీకినా కెపాసిటర్లలో కొంతసేపు అలాగే నిలిచి ఉంటుంది, ఆ షాకు మామూలు షాకు కాదు.

ట్యూబు పైభాగంలో లోపలివైపు అద్దంలా వెండి పూత ఉంటుంది. అది పాలలా తెల్లగా మారితే గాలి చొరబడిందని అర్థం, ఆ ట్యూబు చచ్చింది. వెండిలా ఉంటే బతికే ఉంది, అంతకు మించి అది చెప్పేది పెద్దగా ఏమీ లేదు.

పవర్ ఆంప్‌కి కలపకముందు మల్టీమీటర్‌తో అవుట్‌పుట్‌లో డీసీ కొలవండి. ఆన్ చేసిన కొత్తలో ముల్లు ఎగురుతుంది, ఒకటి రెండు నిమిషాలకి మిల్లీవోల్టుల్లోకి దిగిపోవాలి. దిగకుండా వోల్టుల్లోనే ఉంటే, డీసీని ఆపి పాటని మాత్రం బయటికి పంపాల్సిన కప్లింగ్ కెపాసిటర్ డీసీని కార్చేస్తోందన్నమాట. దాన్ని అలాగే తగిలిస్తే మీ పవర్ ఆంప్‌కీ స్పీకర్లకీ ముప్పు. తర్వాత పాట పెట్టకుండా వాల్యూం పెంచి వినండి. సన్నగా స్‌స్‌ అంటే అది ట్యూబుల నైజం, ఫోనోలో కొంత ఎక్కువే ఉంటుంది. గుయ్యిమని నిదానంగా మోగితే 50 హెర్ట్జ్ హమ్, అది ఎర్త్ వైరింగ్ నుంచో హీటర్ నుంచో వస్తుంది. జుర్రుమని గరుకుగా ఉంటే 100 హెర్ట్జ్, కరెంటుని చదును చేసే ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయాయని అనుమానించండి. రెండోది మార్పించుకోవడం తేలిక, మొదటిది ఒక్కోసారి మెకానిక్‌ని ఏడిపిస్తుంది. పెన్సిల్ వెనకవైపు రబ్బరుతో ఒక్కో ట్యూబునీ మెల్లగా తట్టండి. కాస్త టింగ్‌మనడం మామూలే. స్పీకర్లలో గంట కొట్టినట్టు మోగి అది సాగుతుంటే ఆ ట్యూబు ఫోనోకి పనికిరాదు. ఒక చానెల్‌లోనే గరగర వస్తుంటే, ఆఫ్ చేయించి, చల్లారాక ఎడమ ట్యూబు కుడికి, కుడిది ఎడమకి మార్పించండి. శబ్దం ట్యూబుతోపాటు అవతలి పక్కకి వెళ్తే ఖర్చు ట్యూబు వరకే. కదలకుండా అక్కడే ఉంటే జబ్బు లోపల ఉంది, ధర తగ్గించమనండి లేదా దండం పెట్టి రండి.

చివరగా, కొనకముందే ఊళ్లో మెకానిక్‌ని చూసి పెట్టుకోండి, నన్నడిగితే ట్యూబులకంటే ఇదే ముఖ్యం. ఒకప్పుడు పెళ్లిళ్లలో, జాతరల్లో మైకుసెట్టు వాళ్ల ఆహూజా వాల్వు ఆంప్లిఫయర్లనీ, ఇళ్లలో వాల్వు రేడియోల్నీ బాగుచేసిన పెద్దాయన ఎవరైనా మీ పాతూరు వైపు ఇంకా కొట్టు తెరుస్తున్నాడేమో వాకబు చేయండి. గుర్తు చెబుతాను. పాత సెట్టు చేతికివ్వగానే నేరుగా ప్లగ్‌లో గుచ్చకుండా, 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఉన్న సీరీస్ బోర్డు బయటికి తీసేవాడే మీ మనిషి. లోపల షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలిగి సెట్టుని కాపాడుతుంది. ఆయన బాగుచేయగలనన్న సెట్టే కొనండి. చేతితో వైరింగ్ చేసిన, విడిభాగాలు పెద్దగా కనిపించే పాతకాలపు సెట్టు ఆయనకి అరచేతిలో గీతల్లాంటిది. పొరలు పొరలుగా చిన్న చిన్న చిప్పులున్న కొత్తరకం బోర్డు తీసుకెళ్తే ఆయనా ఏం చేయలేడు.

తియ్యదనం మాటకొస్తే, బాగా కట్టిన ట్యూబ్ ప్రీఆంప్‌లో మీ ఫ్రెండ్స్ చెప్పినంత తీపి ఉండదు. ట్యూబులో సెకండ్ హార్మోనిక్, అంటే అసలు స్వరానికి రెట్టింపు హెర్ట్జ్‌లో తోడు పలికే స్వరం, కాస్త ఎక్కువ ఉండి గొంతు నిండుగా అనిపిస్తుంది, అంతే. మరీ పాకంలా వినిపిస్తోందంటే కెపాసిటర్లు పోయి ట్రెబుల్ చచ్చిపోయిందేమో చూసుకోవాలి.

ప్రశ్న: ప్రొద్దుటూరు నుంచి ఒక బంగారు పనివారు రాస్తున్నారు: ఎవరో చేతితో కట్టిన 12ఏయూ7 ప్రీఆంప్ కొన్నాను. అమ్మినాయన ఇంట్లో బ్రహ్మాండంగా ఉండింది. మా ఇంట్లో నా ఆంప్‌కి పెడితే బేస్ లేదు, తబలా డొల్లగా వస్తోంది. అడిగితే మీ ఆంప్‌లోనే ఏదో ఉందంటున్నాడు. నా ఆంప్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ 10 కిలోఓమ్‌లు. లోపలి ఫోటో పంపిస్తున్నాను.

జవాబు: ఆయన అబద్ధం చెప్పలేదు, మీరూ మోసపోలేదు. ఫోటోలో అవుట్‌పుట్ దగ్గరున్న పసుపు కెపాసిటర్ మీద 0.1 మైక్రోఫారడ్ అని కనిపిస్తోంది. మీ పవర్ ఆంప్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్, అంటే లోపలికొచ్చే సిగ్నల్‌కి అది చూపే నిరోధం, 10 కిలోఓమ్‌లని మీరే రాశారు. ఆ రెండూ జత కడితే దాదాపు 160 హెర్ట్జ్ కింద ఉన్నదంతా మెట్లు దిగినట్టు తగ్గిపోతుంది, తబలాలో ఎడమచేతి బాయ పలికేదే అక్కడ. అమ్మినాయన దగ్గర ట్యూబ్ పవర్ ఆంప్ ఉండి ఉంటుంది, వాటి ఇన్‌పుట్ 100 కిలోఓమ్‌లో, అంతకంటే ఎక్కువో ఉంటుంది. అదే కెపాసిటర్‌తో అక్కడ 16 హెర్ట్జ్ దాకా బేస్ దిగుతుంది. మీ మెకానిక్‌తో రెండు చానెళ్లలోనూ 1 మైక్రోఫారడ్, 630 వోల్టుల పాలీప్రొపిలీన్ వేయించండి. బెంగళూరు ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి, పెద్ద ఖర్చేమీ కాదు. సైజు పెద్దవి, ముందు లోపల చోటు కొలుచుకోండి. కెపాసిటర్ పెరిగాక ఆన్ చేసేటప్పుడు వచ్చే ధబ్ కూడా పెరుగుతుంది, కాబట్టి ముందు ప్రీఆంప్, నిమిషం ఆగి పవర్ ఆంప్. ఆపేటప్పుడు ముందు పవర్ ఆంప్.

మీదాంట్లో చివరి ట్యూబు క్యాథోడ్ ఫాలోవర్ (తక్కువ ఇంపిడెన్స్‌తో సిగ్నల్‌ని బయటికిచ్చే పద్ధతి) కాబట్టి ఇంతటితో సరిపోయింది. 12ఏఎక్స్7 ట్యూబు ప్లేట్ (హైవోల్టేజీ అందే కొస) నుంచి నేరుగా అవుట్‌పుట్ తీసుకున్న సెట్లు కొన్ని ఉంటాయి. వాటికి 10 కిలోఓమ్‌ల ఆంప్ తగిలిస్తే సిగ్నలే అయిదో వంతుకి పడిపోతుంది, ఏ కెపాసిటర్ వేసినా బాగుపడదు. ట్రాన్సిస్టర్ ఆంప్ ఉన్నవాళ్లు కొనేముందు అవుట్‌పుట్ ఇంపిడెన్స్ అడగండి, అది మీ ఆంప్ ఇన్‌పుట్‌లో పదో వంతు లోపు ఉండాలి.

ప్రశ్న: కర్నూలు నుంచి ఒక మెడికల్ షాపు యజమాని: ముంబైలో ఒకాయన దగ్గర క్వాడ్ 22 ఉంది. ధర నాకు అందుబాటులోనే ఉంది, పెట్టె ముచ్చటగా ఉంది. కరెంటు వైరు మాత్రం కనిపించడం లేదు. పోయిందేమో, వేరేది వేయించుకోండి అంటున్నాడు. తీసుకోవచ్చా సార్?

జవాబు: ఆగండి, ఆ వైరు పోలేదు, అసలు ఎప్పుడూ లేదు. 1959లో వచ్చిన ఇంగ్లండ్ ట్యూబ్ ప్రీఆంప్ క్వాడ్ 22లో సొంతంగా పవర్ సప్లై ఉండదు. ట్యూబులకి కావాల్సిన హైవోల్టేజీ, హీటర్ వోల్టేజీ రెండూ క్వాడ్ టూ అనే పవర్ ఆంప్ నుంచి, వెనకున్న పిన్నుల ప్లగ్ ద్వారా అందుతాయి. ఆ పవర్ ఆంప్ జత లేకపోతే మీ చేతికొచ్చేది ముచ్చటైన పేపర్‌వెయిట్. అదే కాలపు లీక్ కంపెనీ ప్రీఆంప్‌లదీ ఇదే వరస. అందుకే ఇవి విడిగా అగ్గువకి దొరుకుతాయి. విడిగా పవర్ సప్లై కట్టించి నడిపేవాళ్లున్నారు. ట్రాన్స్‌ఫార్మర్, డబ్బా, కూలి కలిపితే అసలు కంటే కొసరు ఎక్కువవుతుంది. ఆ పెట్టె మీద మనసు పడితే తప్ప వదిలేయండి.

ముంబై, చెన్నై లాంటి సముద్రపు ఊళ్ల నుంచి కొనే ప్రతివాళ్లకీ ఇంకో మాట: చాసీ (లోపలి లోహపు చట్రం) అడుగున, సాకెట్ పిన్నుల మీద తుప్పు ఫోటోలు అడిగి తెప్పించుకోండి. మన కర్నూలు, అనంతపురం సెట్లకి దుమ్ము పడుతుంది గానీ తుప్పు తక్కువ. దుమ్ము బ్రష్షుతో పోతుంది. పార్శిల్ తప్పకపోతే ట్యూబుల్ని సాకెట్లలోంచి తీయించి, ఏది ఎక్కడిదో నంబరు వేయించి, విడి డబ్బాలో పంపమనండి.

ప్రశ్న: కడప నుంచి ఇంజినీరింగ్ విద్యార్థి: అన్నా, ఆన్‌లైన్‌లో వెయ్యీ రెండు వేలకే చైనా 6జే1 ట్యూబ్ ప్రీఆంప్ బోర్డులు దొరుకుతున్నాయి. సెకండ్ హ్యాండ్ ఎందుకు, కొత్తదే కొనొచ్చు కదా? ట్యూబులు భలే ఎర్రగా వెలుగుతాయి.

జవాబు: తమ్ముడూ, ఆ వెలుగు ట్యూబుది కాదు. సాకెట్ నడిమధ్య రంధ్రంలో కింది నుంచి ఒక ఎల్‌ఈడీ పెడతారు. ట్యూబు తీసేసి చూడు, అక్కడ అలాగే వెలుగుతూ ఉంటుంది. అసలు హీటర్ వెలుగు గొట్టం కొసన సన్నగా నిప్పురవ్వంత కనిపిస్తుంది, పగలైతే అదీ కనిపించదు. ఆ బోర్డుకి 12 వోల్టుల ఏసీ ఇస్తారు. దాన్ని రెట్టింపు చేసినా ప్లేటుకి అందేది కొన్ని పదుల వోల్టులే, ట్యూబు హాయిగా పనిచేయడానికి అది చాలదు. అలాగని కొనొద్దు అనను. టంకం నేర్చుకోవడానికి, సిగ్నల్ ఎటు నుంచి ఎటు వెళ్తుందో చూడటానికి, షాకు భయం లేకుండా ప్రయోగాలు చేయడానికి నీ వయసులో దీనికి మించింది లేదు. పాటలు వినడానికైతే ఆ డబ్బు నీ స్పీకర్ల మీద పెట్టు.

ప్రశ్న: ఆదోని నుంచి పత్తి వ్యాపారి ఒకరు: మా తాతగారి వాల్వు రేడియో పాడై పడుంది. అందులోని ట్యూబులతో ప్రీఆంప్ కట్టించుకోవచ్చా? రేడియో వెనక పీయూ అని రెండు రంధ్రాలున్నాయి, వాటికి ఫోన్ తగిలించవచ్చా?

జవాబు: మన ఇళ్లలో ఉండే మీడియం వేవ్, షార్ట్ వేవ్ రేడియోల్లో ప్రీఆంప్‌కి కావాల్సిన ట్యూబులు సాధారణంగా ఉండవు. ట్యూబుల కోసం రేడియోని చంపకండి, ఆ మెకానిక్ పెద్దాయన దగ్గరికే తీసుకెళ్లి రేడియోగానే బాగుచేయించండి. పీయూ అంటే పికప్, గ్రామఫోన్ తగిలించే చోటు. ఫోన్ పెట్టుకోవచ్చు గానీ ముందు ట్యూబుల మీద నంబర్లు చూడాలి. ఇంగ్లిషు U అక్షరంతో, అంటే యూసీహెచ్, యూఎల్, యూవై అని మొదలైతే అది ఏసీ డీసీ సెట్టు. అందులో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, చాసీకి నేరుగా కరెంటు లైనే కలిసి ఉంటుంది. దానికి ఫోన్ తగిలించి చేత్తో పట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది. నంబర్లు ఇంగ్లిషు E అక్షరంతో మొదలై, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టయితే, మెకానిక్ చూసి సరే అన్నాక పెట్టుకోండి.

ప్రశ్న: గుంతకల్లు నుంచి రైల్వే ఉద్యోగి: కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ట్యూబ్ ప్రీఆంప్ నడిస్తే పాట మసకగా, జుర్రుమంటూ వస్తోంది. ఎండాకాలంలో ట్యూబులకి ఏమైనా అవుతుందా?

జవాబు: మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది. మామూలు 230 వోల్టుల కరెంటు అల కొస 325 దాకా లేస్తుంది, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ ఆ కొసనే పట్టుకుని కెపాసిటర్లు నింపుతుంది. స్క్వేర్ వేవ్‌లో కొస ఉండదు, 230 దగ్గరే బల్లపరుపు. అందువల్ల ట్యూబులకి 300 వోల్టులు అందాల్సింది 210కి పడిపోతుంది, మసక అందుకే. ఆ అల నిట్టనిలువు అంచుల నుంచి వచ్చేదే జుర్రు. సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే ఈ గొడవ ఉండదు, కానీ ప్రీఆంప్ కోసమే ఇన్వర్టర్ మార్చడం దండగ.

ఎండకి ట్యూబులేమీ కావు, వాటి ఒంటి వేడి ముందు మన మే నెల లెక్కలోది కాదు. బాధంతా ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లదే, ప్రతి 10 డిగ్రీల వేడికీ వాటి ఆయుష్షు సగానికి తగ్గుతుంది. ప్రీఆంప్‌ని పవర్ ఆంప్ నెత్తిన పెట్టకండి, పైన గుడ్డ కప్పకండి, అద్దాల షోకేసులో బంధించకండి. మీ ఉత్తరంలో మీరు అడగని ప్రమాదం ఇంకొకటి ఉంది: కరెంటు వచ్చీ పోయీ ఉండే చోట ప్రీఆంప్, పవర్ ఆంప్ రెండూ ఒకే బోర్డు మీద ఆన్‌లో వదిలేస్తే, కరెంటు తిరిగి రాగానే పవర్ ఆంప్ ముందు లేస్తుంది, ట్యూబులు వేడెక్కుతూ విసిరే ధబ్ నేరుగా స్పీకర్ల మీద పడుతుంది. కరెంటు పోగానే పవర్ ఆంప్ స్విచ్ ఆపేయండి, వచ్చాక ప్రీఆంప్‌కి ఒక నిమిషం ఇచ్చి అప్పుడు వేయండి.